ఒక పనమ్మాయి, ఒక స్టీమ్ ఇంజన్, ఒక ప్రొపెల్లర్: ఇంట్లో సముద్రాన్ని కదిలించిన కథ

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నా సాల్ట్ వాటర్ ట్యాంకులో ఒక క్లౌన్ ఫిష్ చచ్చిపోయింది. ట్యాంకులో ఉన్నవే రెండు. రోగం కాదు, తిండి లేక కాదు. నీళ్లు కదలక చచ్చిపోయింది. పంపు సెలెక్షన్‌లో నేను చేసిన తప్పు వల్ల చచ్చిపోయింది.

ఏం జరిగిందో మొత్తం చెప్తా. కానీ దానికంటే ముందు మనం 1846కి వెళ్లాలి. ఎందుకంటే నేను ఆ తర్వాత కూర్చుని చదువుతుంటే అర్థమైందేంటంటే, నా తప్పు కొత్తదేం కాదు. దాదాపు నూట డెబ్బై ఏళ్లుగా జనాలు ఇదే తప్పు చేసి, ఇదే పాఠం నేర్చుకుంటూ వచ్చారు. చరిత్ర నాకు ముందే తెలిసుంటే ఆ చేప బతికేది.

సరే, 1846. ఇంగ్లండ్‌లో దక్షిణ తీరంలో టోర్కీ అని ఒక ఊరు. అక్కడికి అన్నా థిన్ అనే ఆవిడ సెలవులకి వెళ్లింది. ఆవిడకి రాళ్లూ శిలాజాలూ అంటే ఇష్టం. అక్కడ సముద్రపు రాళ్ల మీద మాడ్రిపోర్ అనే చిన్న పగడాలు చూసింది. వీటిని లండన్ తీసుకెళ్లి ఇంట్లో పెంచాలి అనుకుంది. ఎలా తీసుకెళ్లిందో తెలుసా? సూదీ దారంతో పగడాల్ని ఒక స్పాంజ్‌కి కుట్టేసి, సముద్రపు నీళ్లున్న జాడీలో పెట్టుకుని!

లండన్ చేరాక అసలు సమస్య మొదలైంది. నీళ్లు పాతబడిపోతాయి. సముద్రం నుంచి లండన్‌కి రోజూ నీళ్లు తెప్పించడం అయ్యే పని కాదు. అప్పుడు ఆవిడకొక ఆలోచన వచ్చింది. వాడిన నీళ్లని తెరిచిన కిటికీ ముందు నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పొయ్యాలి. మళ్లీ ఇందులోంచి అందులోకి. అరగంట, ముప్పావు గంట సేపు. మనం టీ చల్లారబెట్టడానికి గ్లాసులు మార్చి తిరగబోస్తాం చూడండి, అదే పని. గాలి నీళ్లలో కలుస్తుంది, నీళ్లు మళ్లీ పనికొస్తాయి.

ఇది పోసింది ఎవరు? అన్నా థిన్ కాదు, ఆవిడ ఇంట్లో పనిచేసే ఒక చిన్నమ్మాయి. తర్వాత 1859లో అచ్చయిన వ్యాసంలో ఆవిడే రాసింది, ఇది అలసట పుట్టించే పనే కానీ ఆ అమ్మాయి దాన్ని సరదాగా తీసుకుంది అని. సరదానో కాదో ఆ అమ్మాయిని అడగాలి మరి! నా లెక్కలో మాత్రం ఈ కథలో మొట్టమొదటి పంపు ఆ అమ్మాయే. వాట్స్ లేవు, వారంటీ లేదు, రెండు చేతులు అంతే. పగడాలు బతికాయి. 1847లో సముద్రపు నాచు కూడా చేర్చడంతో పోసే పని మీద అంత ఆధారపడాల్సిన అవసరం తగ్గింది.

ఇక్కడే చరిత్ర ఒక తప్పు మలుపు తిరిగింది.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ ఒక ప్రయోగం ప్రకటించాడు. మంచినీళ్ల గిన్నె, రెండు గోల్డ్ ఫిష్, ఒక నీటి మొక్క, కొన్ని నత్తలు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప పీల్చుకుంటుంది, కుళ్లిన ఆకుల్ని నత్త తింటుంది. నీళ్లు మార్చాల్సిన పని లేదు. సైన్స్ కరెక్టే. కానీ జనానికి అర్థమైంది ఇంకోటి. 'ఓహో, మొక్కలేస్తే చాలు, నీళ్లు కదిలించక్కర్లేదు' అనుకున్నారు.

టైమింగ్ కూడా కుదిరింది. 1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను తీసేశారు, అద్దాలు చవకయ్యాయి. రైళ్లొచ్చాయి, మధ్యతరగతి వాళ్లు బీచ్‌లకి వెళ్లడం మొదలైంది. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు, ప్రపంచంలో మొదటి పబ్లిక్ అక్వేరియం అదే. 1854లో ఫిలిప్ హెన్రీ గోస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు, ఆ పేరు స్థిరపడిపోయింది. ఇంక చూస్కోండి, ఇప్పటి రీల్స్ ట్రెండ్ లాగా ప్రతి డ్రాయింగ్ రూములో ఒక గాజు సముద్రం.

మరి ఏమైంది? నిలవ నీళ్లు, కిటికీ పక్కన ఎండ. నీళ్లు వేడెక్కాయి, పచ్చబడ్డాయి, వాసనొచ్చాయి. చేపలు చచ్చాయి. జూలో కూడా అవే ఇబ్బందులు. పదేళ్లలోపే ఆ పిచ్చి చాలావరకు చల్లారిపోయింది.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్తా, ఫాస్ట్ ఫార్వర్డ్ చెయ్యకండి. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. అదే సముద్రపు నీళ్లయితే 7 లోపే. ఉప్పు ఎక్కువైన కొద్దీ గాలికి చోటు తగ్గుతుంది. అంటే గోల్డ్ ఫిష్ గిన్నెలో పనిచేసిన లెక్క ఉప్పునీళ్లలో అంత సులువుగా పనిచెయ్యదు. పైగా రాత్రి పూట వెలుతురు ఉండదు కాబట్టి మొక్కలూ నాచూ కూడా ఆక్సిజన్ తీసుకునేవే తప్ప ఇచ్చేవి కాదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుంటుంది.

ఈ చివరి పాయింట్ మన భీమవరం వైపు రొయ్యల రైతు ఎవరినడిగినా నిద్రలో కూడా చెప్తాడు. దాని దగ్గరికి మళ్లీ వస్తా.

ఇప్పుడు నా హీరో ఎంట్రీ. పేరు విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్. పెద్ద శాస్త్రవేత్తేం కాదు, డిగ్రీలు లేవు. లండన్‌లో అక్వేరియం సామాన్లు అమ్మే షాపు పెట్టాడు. వ్యాపారం దెబ్బతింది, దివాలా తీశాడు. కానీ చచ్చిన చేపల్ని అన్నేళ్లు చూసిన మనిషికి ఒక విషయం బాగా ఎక్కింది. నీళ్లు తక్కువ, ఎండ ఎక్కువ, కదలిక సున్నా, ఇదే రోగం అని.

1864లో జర్మనీలోని హాంబర్గ్ జూలో, తర్వాత 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన కట్టిన అక్వేరియంల డిజైన్ వినండి. కింద చీకట్లో, చల్లగా, ఒక పెద్ద నీళ్ల తొట్టి. పైన జనం చూసే ట్యాంకులు. కింద తొట్టి పై ట్యాంకులన్నీ కలిపినదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. స్టీమ్ ఇంజన్‌తో నడిచే పంపు రాత్రీ పగలూ కింది నీళ్లని పైకి తోస్తుంది. ధార గాలిని వెంటబెట్టుకుని ట్యాంకులో పడుతుంది, పొంగిన నీళ్లు మళ్లీ కిందికి జారిపోతాయి. మళ్లీ పైకి.

విన్నట్టే ఉంది కదా? మన అపార్ట్‌మెంట్ సిస్టమే! కింద సంపు, మోటారు, పైన ట్యాంకు. తేడా ఏంటంటే మనం వాడేసి వదిలేస్తాం, లాయిడ్ అవే నీళ్లు ఏళ్ల తరబడి తిప్పాడు. నీళ్లు మార్చడం కంటే నీళ్లని కదపడం ముఖ్యం అనేది ఆయన వాదన. ఇవాళ మెరైన్ ట్యాంకుల కింద క్యాబినెట్‌లో ఉండే ఫిల్టర్ డబ్బాని కూడా సంప్ అనే అంటారు. ఐడియా అదే, సైజే తగ్గింది.

ఇంకో చిన్న డీటెయిల్ నాకు చాలా నచ్చింది. ఉప్పునీళ్లు లోహాన్ని తినేస్తాయి, ఆ లోహం నీళ్లలో కరిగి జీవుల్ని చంపుతుంది. ముఖ్యంగా రాగి. రొయ్యలు, నత్తలు, పగడాల్లాంటి వెన్నెముక లేని జీవులకి అది విషం. అందుకే లాయిడ్ తన పంపులకీ పైపులకీ గట్టిపరిచిన రబ్బరు వాడించాడు. 1871లో! మనలో కొంతమంది ఇవాళ్టికీ మెరైన్ ట్యాంకులో రెండు మూడొందల కూలర్ పంపు పెడదాం అనుకుంటున్నారు. కూలర్ పంపు షాఫ్ట్ లోహం. ఉప్పునీళ్లలో తుప్పు పడుతుంది. దయచేసి వద్దు. సిరామిక్ షాఫ్ట్ ఉండి, ఉప్పునీళ్లకి పనికొస్తుందని బాక్సు మీద రాసి ఉంటేనే కొనండి.

లాయిడ్ పద్ధతి చూసి, 1874లో ఇటలీలోని నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ తెరిచిన మెరైన్ పరిశోధన కేంద్రం అక్వేరియంకి కూడా ఆయన సలహాలే తీసుకున్నారు. లాయిడ్ 1880లో పోయాడు. పెద్ద అక్వేరియంలకి దారి దొరికింది. కానీ ఇంట్లో స్టీమ్ ఇంజన్ పెట్టుకోలేం కదా. ఇళ్లలో సముద్రం మళ్లీ రావడానికి కరెంటు, ప్లాస్టిక్, చిన్న మోటార్లు రావాలి. దానికి దాదాపు ఇంకో వందేళ్లు పట్టింది.

1961లో మళ్లీ మనవైపు, ఆసియా నుంచి ఒక మనిషి కనిపిస్తాడు. ఇండోనేషియా, జకార్తాలో లీ చిన్ ఎంగ్. ట్యాంకులో సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్లు, ఎండ, ఒక ఎయిర్ పంపు నుంచి బుడగలు. అంతే. ఫిల్టర్ లేదు. అమెరికాలో 'ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్' పత్రికలో ఆయన వ్యాసం రాస్తే చాలామంది నమ్మలేదు. ఇప్పుడు అందరూ వాడే లైవ్ రాక్‌కి మొదలు ఆయనే. బుడగలు పైకెళ్తూ నీళ్లని తమతో లాక్కెళ్తాయి, ఉపరితలం కదులుతుంది, గాలి మార్పిడి జరుగుతుంది. ఆయన పంపు అదే.

ఇక్కడ నాకొచ్చిన డౌట్ మీకూ వచ్చుంటుంది. గాలి కోసమే అయితే బుడగలు చాలు కదా, ఇంత పెద్ద పంపులెందుకు? చేపలు మాత్రమే ఉంటే చాలావరకు నిజమే. కానీ పగడాల సంగతి వేరు. పగడం కదలదు, తిండి దగ్గరికి వెళ్లలేదు. తిండి, ఆక్సిజన్ దాని దగ్గరికి రావాలి, దాని వ్యర్థాలు కొట్టుకుపోవాలి. పైగా ప్రతి జీవి ఒంటిని అంటుకుని పల్చటి, కదలని నీటి పొర ఒకటి ఉంటుంది. ప్రవాహం గట్టిగా ఉంటే ఆ పొర పల్చబడుతుంది, మార్పిడి సులువవుతుంది. ప్రవాహం లేకపోతే పగడం తన వ్యర్థాల్లో తానే ఊపిరాడక కూర్చుంటుంది. సముద్రంలో ఆ ప్రవాహం ఒకే వైపు కూడా ఉండదు, అల వస్తుంది, వెనక్కి పోతుంది.

ఈ 'వచ్చి పోవడం' మీద బుర్ర పెట్టినవాళ్లలో ఒకరు వాల్టర్ ఏడీ. అమెరికాలో స్మిత్‌సోనియన్ శాస్త్రవేత్త. వాళ్ల నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 1980లో ఒక బతికున్న పగడపు దిబ్బని ట్యాంకులో చూపించాడు. నీళ్లు నిండగానే బోర్లాపడే తొట్టెలతో అలలు పుట్టించాడు. మామూలు పంపు రెక్కల మధ్య సూక్ష్మజీవులు నలిగి చచ్చిపోతాయని ఆయన బాధ. ఇంకొకరు హవాయిలో వైకీకీ అక్వేరియంకి చెందిన బ్రూస్ కార్ల్‌సన్. ఆయన పేరు మీదే ఒక సర్జ్ పరికరం ఉంది. ట్యాంకు పైన ఒక డ్రమ్ము, చిన్న పంపు దాన్ని మెల్లగా నింపుతుంది. నిండగానే సైఫన్ అందుకుని మొత్తం నీళ్లు ఒక్కసారిగా ట్యాంకులోకి దూకుతాయి. గాలి దూరగానే ఆగుతుంది, మళ్లీ నిండుతుంది. బాత్రూం ఫ్లష్ లాజిక్కే! చిన్న పంపుతో పెద్ద అల.

తర్వాత 2000లలో ప్రొపెల్లర్ పంపులు వచ్చాయి. జర్మనీ కంపెనీ ట్యూంజె స్ట్రీమ్ పంపులు, ఆ తర్వాత మోటారు అద్దానికి బయట, ప్రొపెల్లర్ లోపల, మధ్యలో అయస్కాంతం మాత్రమే ఉండే ఎకోటెక్ వారి వోర్టెక్. పాత పంపు సన్నటి మూతిలోంచి పైపుతో కొట్టినట్టు కొడుతుంది, ఎదురుగా ఉన్న పగడం చర్మం ఊడొస్తుంది. ప్రొపెల్లర్ వెడల్పుగా, మెత్తగా, తక్కువ కరెంటుతో చాలా ఎక్కువ నీళ్లు తోస్తుంది. ఇప్పుడు మనం వేవ్‌మేకర్ అని కొనేవి ఈ కుటుంబమే.

చరిత్ర అయింది. ఇప్పుడు నా కథకి వస్తున్నా.

నా ట్యాంకు 90 సెంటీమీటర్లు పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు. సుమారు 200 లీటర్లు. కింద చిన్న సంప్. నేను చేసిన తెలివైన పని ఏంటంటే, రెండు పంపులు ఎందుకు, ఒక్క బలమైన రిటర్న్ పంపు పెడితే నీళ్లు పైకెళ్లడం, ట్యాంకులో ప్రవాహం రెండూ అయిపోతాయి కదా అనుకోవడం. ఆ పైపు మూతిని నీళ్లలో బాగా లోపలికి, 10 సెంటీమీటర్ల లోతులో పెట్టా, చప్పుడు రాకుండా. ఆఫీసులో సర్వర్‌కి బ్యాకప్, దానికి ఇంకో బ్యాకప్ పెట్టేవాణ్ణి. ఇంట్లో ప్రాణమున్న సిస్టమ్‌కి ఒక్క పంపు.

భోగి ముందు రోజు ఊరెళ్లిపోయా. ఆ రాత్రి మా ఏరియాలో కరెంటు పోయింది. ఎంతసేపో కాదు, రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఏం జరిగిందో వరసగా చూడండి.

పంపు ఆగింది. పైపు మూతి నీళ్లలో ఉంది కాబట్టి సైఫన్ మొదలైంది. పై ట్యాంకు నీళ్లు అదే పైపులోంచి వెనక్కి సంప్‌లోకి దిగడం మొదలుపెట్టాయి, మూతి గాల్లోకి తేలేదాకా. 90 ఇంటూ 45 ఇంటూ 10. అంటే 40 లీటర్లు. సంప్‌లో ఖాళీ 15 లీటర్లే. మిగతా 25 లీటర్ల ఉప్పునీళ్లు హాల్లోకి. కింది ఫ్లోర్ ఆంటీ ఫోన్ చేసి, "బాబూ, మా సీలింగ్‌లోంచి నీళ్లు కారుతున్నాయి, మీ బాత్రూంలో ట్యాప్ వదిలేశావా ఏంటి?" అన్నారు. నేను కూడా ట్యాపే అనుకున్నా. వాచ్‌మన్‌కి చెప్పి మెయిన్ వాల్వ్ కట్టించి హ్యాపీగా పడుకున్నా.

కరెంటు వచ్చింది. పంపు మొదలైంది. పై ట్యాంకు నిండాలంటే 40 లీటర్లు కావాలి, అందులో 25 నేల మీదున్నాయి. పంపు గది ఖాళీ అయిపోయింది. పంపు ఉత్త గాలి లాగుతూ తిరిగి తిరిగి పట్టేసింది. అక్కణ్ణుంచి ట్యాంకులో ఒక్క చుక్క కదల్లేదు. నేను మూడో రోజు వచ్చి చూసేసరికి ఒక చేప అడుగున ఉంది. రెండోది పైన, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. నేను ఏం చేశానో ఊహించండి. మగ్గు తీసుకుని, నీళ్లు ముంచి, పైనుంచి పొయ్యడం మొదలుపెట్టా. అరగంట. ముప్పావు గంట. అప్పటికి నాకు అన్నా థిన్ ఎవరో తెలీదు. తర్వాత ఆ పనమ్మాయి గురించి చదివినప్పుడు చేతులు మళ్లీ నొప్పెట్టాయి. రెండోది బతికింది.

మా బాబాయికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఫోన్ చేసి చెప్తే మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు. "ఒరేయ్, చెరువులో ఏరేటర్ ఆగితే మేం పెళ్లిలో ఉన్నా లేచొస్తాం. జనరేటర్ పెట్టి, మనిషిని పెట్టి, అయినా తెల్లవారుజామున ఒకసారి టార్చి వేసుకుని చూసొస్తాం. నువ్వు ఒక్క మోటారుని నమ్ముకుని పండక్కొచ్చావా?" అన్నాడు. బీటెక్ నాది, ఇంజనీరింగ్ ఆయనది.

కాబట్టి పంపులు కొనేముందు ఇవి గుర్తుపెట్టుకోండి. ఒకటి, రెండు పనులకి రెండు రకాల పంపులు. రిటర్న్ పంపు పని సంప్ నుంచి పైకి పంపడమే. గంటకి ట్యాంకు నీళ్లకి 4, 5 రెట్లు తిరిగితే చాలు. నా 200 లీటర్లకి 800 నుంచి 1000. ప్రవాహం కోసం వేరే వేవ్‌మేకర్లు. చేపలే అయితే 10 రెట్ల దాకా, మెత్తటి పగడాలకి 10 నుంచి 20, గట్టి కొమ్మల పగడాలకి 20 నుంచి 40, ఇంకా పైన కూడా. ఇవి హాబీలో వాడే ఉజ్జాయింపు లెక్కలు, శిలాశాసనం కాదు. ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి ఎదురెదురుగా పెట్టండి. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

రెండు, బాక్సు మీద అంకె సున్నా ఎత్తులో కొలిచింది. నాలుగడుగులు పైకి తోస్తే అందులో చాలా తగ్గిపోతుంది. హెడ్ చార్ట్ చూసి మీ ఎత్తు దగ్గర ఎంతొస్తుందో చదవండి.

మూడు, రిటర్న్ మూతి ఉపరితలానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందే ఉండాలి. నీటి మట్టం దగ్గర పైపుకి చిన్న బెజ్జం పెడితే సైఫన్ గాలి పీల్చి ఆగిపోతుంది. బెజ్జం మూసుకుపోతుంది, నెలకోసారి శుభ్రం చెయ్యండి. సంప్‌లో వెనక్కొచ్చే నీళ్లకి ఖాళీ ఉంచండి.

నాలుగు, ఒక వేవ్‌మేకర్‌ని కొంచెం పైకి తిప్పండి, నీటి పైభాగం ఎప్పుడూ రేగుతూ ఉండాలి. ఆక్సిజన్ వచ్చేది అక్కణ్ణుంచే. కరెంటు పోతే దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టండి, లేదా ఒక వేవ్‌మేకర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలపండి.

ఐదు, అన్నిటికంటే ముఖ్యం. ట్యాంకు సెట్ చేసిన రోజే, మీరు ఎదురుగా ఉండగా, స్విచ్ ఆపండి. పది నిమిషాలు చూడండి. మళ్లీ వెయ్యండి, ఇంకో పది నిమిషాలు చూడండి. నేను ఆ ఇరవై నిమిషాలు ఖర్చు పెట్టలేదు.

పగడాల గురించి ఒక్క మాట. మన సముద్రంలోంచి రాతి పగడాల్ని తియ్యడం నేరం. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అన్నా థిన్ లాగా సూదీ దారం పట్టుకుని బీచ్‌కి వెళ్లకండి. ఫామ్‌లో పుట్టిన క్లౌన్ ఫిష్‌తో మొదలుపెట్టండి, నేర్చుకోవడానికి అదే చాలా ఎక్కువ.

నా ట్యాంకులో ఇప్పుడు మూడు పంపులు, ఒక బ్యాటరీ, ఒక చేప. దానికి తోడు ఇంకా తేలేదు. ముందు ఒక నెల రోజులు ప్రతి ఆదివారం స్విచ్ ఆపి చూడాలని పెట్టుకున్నా. ఇప్పటికి మూడు ఆదివారాలు అయ్యాయి, నేల పొడిగానే ఉంది. కింది ఆంటీ కూడా ఫోన్ చెయ్యలేదు.

మీ ఇంట్లో ట్యాంకుంటే ఈ వీడియో అయ్యాక లేచి ఒకసారి స్విచ్ ఆపి చూడండి. ఏం జరిగిందో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.